పెరుగు ప్యాకెట్ మీద ఉంటుంది, టీవీ మీద ఉండదు

(మా ఊరి గ్రంథాలయంలో నెలకోసారి ఆదివారం సాయంత్రం జరిగే కబుర్ల సభలో ఒక టీవీ మెకానిక్ గారు మాట్లాడినది, ఫోన్ రికార్డింగు విని టైపు చేసింది. ఫ్యాన్ చప్పుడుకి రెండు మూడు చోట్ల మాటలు వినబడలేదు, అవి వదిలేశాం.)

అందరికీ నమస్కారమండి. వినబడుతోందా వెనకాల? ఆ, సరే.

ముందొక సవరణ చెప్పి మొదలుపెడతా. ఇందాక మాస్టారు నన్ను పరిచయం చేస్తూ ఎలక్ట్రానిక్స్ నిపుణులు అన్నారు, నేను నిపుణుణ్ణేం కాదండి, టీవీ మెకానిక్‌ని. షాపు మీద బోర్డు ఇప్పటికీ అలాగే ఉంది, రేడియో, టేప్‌రికార్డర్, టీవీ రిపేరు చేయబడును అని. అందులో రేడియో పోయింది, టేప్‌రికార్డర్ పోయింది, టీవీ ఉంది గానీ రిపేరు పోయింది. (నవ్వులు) నవ్వుతారేంటండీ, నిజంగానే పోయింది, అదే చెప్దామని వచ్చా.

నేను పని నేర్చుకున్నది 1986లో, విజయవాడలో. మా గురువుగారు నేర్పిన మొదటి పాఠం ఏంటంటే, సెట్టు వెనక మూత తీశాక ఒక చెయ్యి జేబులో పెట్టుకోరా అని. ఎందుకంటే కలర్ టీవీలో పిక్చర్ ట్యూబుకి వెళ్ళే ఆ లావు వైరు ఉంటుంది చూడండి, రబ్బరు మూత కింద, అక్కడ ఇరవై పాతిక వేల వోల్టులు ఉంటాయి, రెండు చేతులూ తగిలాయంటే కరెంటు గుండె మీదుగా పోతుంది. అందుకని ఎప్పుడూ ఒక చెయ్యే. ఇప్పుడు రెండు చేతులూ కావాలి, ఒక చేతిలో టీవీ రిమోటు, ఇంకో చేతిలో వాళ్ళ ఫోను, ఓటీపీ చెప్పాలిగా.

ఆ రోజుల్లో పాడవడం అంటే పాడవడమే. బొమ్మ సన్నటి గీతలాగా వచ్చేస్తే బొమ్మని నిలువుగా సాగదీసే వర్టికల్ సెక్షన్ పోయిందని అర్థం, సెట్టు మొత్తం చచ్చిపోతే ముందు ఫ్యూజు, తర్వాత ఎల్‌ఓటీ, అంటే ఆ వేల వోల్టులు తయారుచేసే ట్రాన్స్‌ఫార్మరు, చూసుకోవాలి, నెత్తి మీద ఒకటి కొడితే పనిచేస్తోందంటే ఎక్కడో డ్రై సోల్డరు, అంటే వదులైన అతుకు, ఉంది. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీకి పోయి పార్టు తెచ్చుకుని, పాతది పీకి కొత్తది వేస్తే అయిపోయేది, పాతది కాగితంలో చుట్టి ఇంటివాళ్ళకిచ్చేవాణ్ణి, ఇదిగోనండి ఇదీ పోయింది అని. వాళ్ళూ చేతిలో పట్టుకుని చూసేవాళ్ళు. ఆ చేతిలో పట్టుకునే సౌకర్యం ఇప్పుడు లేదు.

రెండు నెలల కిందట ఒకావిడ ఫోన్ చేశారు. రిటైరైన హెడ్‌మిస్ట్రెస్ గారు, డెబ్భై ఎనిమిదేళ్ళు ఉంటాయి, ఒక్కరే ఉంటారు, అబ్బాయి డల్లాస్‌లో. ఒరే బాబూ, టీవీ పాడైపోయిందిరా, మూడ్రోజులైంది అన్నారు. సరే అని బ్యాగు వేసుకుని వెళ్ళా, స్క్రూడ్రైవర్లు, మీటరు, టార్చి లైటు. టార్చి ఎందుకంటే, ఇప్పటి ఎల్‌ఈడీ టీవీల్లో మాటలు వస్తూ బొమ్మ రాకపోతే, తెర మీద దగ్గరగా టార్చి వేసి చూస్తే లోపల బొమ్మ లీలగా కనబడుతుంది, కనబడిందంటే బ్యాక్‌లైట్ స్ట్రిప్ పోయినట్టు. ఈ ఒక్క రిపేరే ఇంకా మాకు అన్నం పెడుతోంది. తీరా వెళ్ళి చూస్తే టీవీ నిక్షేపంగా ఉంది. తెర నిండా ఏదో సినిమా బొమ్మ, దాని మీద ఇంగ్లీషులో పెద్ద పేరాగ్రాఫు, కింద రెండు డబ్బాలు, ఒకటి ఒప్పుకుంటున్నాను, ఇంకోటి తర్వాత చూద్దాం. ఆవిడకి ఇంగ్లీషు రాక కాదండోయ్, నలభై ఏళ్ళు పాఠాలు చెప్పిన మనిషి. ఏది నొక్కితే బ్యాంకులో డబ్బులు పోతాయో అని భయపడి మూడ్రోజులు దాన్ని అలాగే ఆన్ చేసి ఆఫ్ చేసి, ఆన్ చేసి ఆఫ్ చేసి, అదే మళ్ళీ మళ్ళీ వస్తోందని పేపర్ చదువుకుంటూ కూర్చున్నారు.

జరిగిందేంటంటే రాత్రి పూట టీవీకి అప్‌డేట్ వచ్చింది. అంతకు ముందు ఆన్ చేయగానే నేరుగా సెట్‌టాప్ బాక్స్ వచ్చేది, నేనే పెట్టిచ్చా అలా. అప్‌డేట్‌తో ఆ సెట్టింగు మొదటికి వెళ్ళిపోయింది, ఇప్పుడు ఆన్ చేస్తే ముందు వాళ్ళ హోమ్ పేజీ, దాని మీద వాళ్ళ ప్రకటనలు, అది దాటాక మన టీవీ. రెండు నిమిషాల పని, మార్చేశా. డబ్బులొద్దన్నా, కాఫీ ఇచ్చారు. ఇచ్చి ఒక మాటడిగారు, నేను పడుకున్నాక నా ఇంట్లోకి వచ్చి నా టీవీ మార్చింది ఎవర్రా అని. టీచర్ ప్రశ్న అది, తప్పించుకోవడానికి లేదు. కంపెనీ వాళ్ళండీ అన్నా. వాళ్ళు నన్నడిగారా? ఎప్పుడో మొదట్లో అడిగారండీ, మీరు ఒప్పుకున్నారు, అంటే మీ తరఫున మీ అబ్బాయి నొక్కాడు. ఆవిడ ఏం మాట్లాడలేదు, లేచి ఫ్రిజ్ తీసి పెరుగు ప్యాకెట్ చేతిలోకి తీసుకుని కళ్ళద్దాలు పైకి నెట్టి డేట్ చూసుకుంటున్నారు. అదిగో, అప్పుడు తట్టింది నాకు. ఈవేళ ఇక్కడ మాట్లాడుతున్నదంతా ఆ పెరుగు ప్యాకెట్ గురించే.

ముప్ఫై రూపాయల పెరుగు ప్యాకెట్ మీద ఎప్పటిదాకా తినొచ్చో రాసుంటుంది. జ్వరం బిళ్ళ మీద ఉంటుంది, బిస్కెట్ల మీద ఉంటుంది. టీవీ అట్టపెట్టె మీద ఎప్పుడు తయారైందో ఉంటుంది, ఎమ్మార్పీ ఉంటుంది, కరెంటు ఎంత తాగుతుందో చుక్కలేసి మరీ స్టార్ల స్టిక్కరు ఉంటుంది. దాని లోపలున్న సాఫ్ట్‌వేర్‌ని కంపెనీ వాడు ఎన్నాళ్ళు పట్టించుకుంటాడో మాత్రం నేను విప్పిన ఏ పెట్టె మీదా కనబడలేదు. వారంటీ ఉందిగా అంటారు, వారంటీ వేరండీ. అది ప్యానెల్‌కి, బోర్డుకి. నేను చెప్తున్నది లోపలి ప్రాణం గురించి.

డేట్ లేదంటే అసలు లేదని కాదు. ఉంటుంది, మనకి చెప్పరు. దీనికి నా దగ్గర ఒక కథ ఉంది, నిజంగా జరిగింది. గూగుల్ వాళ్ళ క్రోమ్‌కాస్ట్ అని టీవీ వెనక గుచ్చుకునే చిన్న బిళ్ళ ఉండేది, మీలో కొందరి ఇళ్ళల్లో ఉండే ఉంటుంది, ఫోన్‌లో చూస్తున్న వీడియోని టీవీ మీదికి పంపేది. 2015లో వచ్చిన రెండో రకం, గుండ్రంగా బొత్తం లాగా ఉంటుంది. 2025 మార్చి 9, ఆదివారం, ప్రపంచమంతా ఆ బిళ్ళలు ఒకేసారి పడుకున్నాయి. వైరు ఊడలేదు, చిప్పు కాలలేదు, ఇది నమ్మదగిన పరికరం కాదు అని ఫోన్లో వచ్చింది, అంతే. నిన్నటిదాకా ఇంట్లో మనిషి, ఇవాళ నువ్వెవరు అంటోంది.

కారణం వింటే మీరు నవ్వుతారు. ప్రతి బిళ్ళ లోపలా ఒక గుర్తింపు పత్రం ఉంటుంది, మనకి ఆధార్ ఉన్నట్టు. నేను అసలైన కంపెనీ బిళ్ళనే అని అది ఫోనుకి చూపించుకోవాలి. ఆ పత్రం మీద సంతకం చేసిన పైఅధికారి పత్రం ఒకటుంటుంది, దానికి గడువు పెట్టారు, పదేళ్ళు. తయారుచేసిన రోజునే పెట్టారు. ఆ పదేళ్ళు ఆ ఆదివారం నాటికి నిండాయి. అంటే చూడండి, ఎక్స్‌పైరీ డేట్ లోపల ఉంది! రోజుతో సహా ఉంది. అట్టపెట్టె మీద వేయలేదు, అంతే తేడా. కొన్నవాళ్ళకి తెలీదు సరే, చేసినవాళ్ళు కూడా మర్చిపోయినట్టున్నారు, ముందే గుర్తుంటే ముందే సరిచేసేవాళ్ళుగా.

ఇంకో సంగతుంది. మనందరికీ ఒక అలవాటు, ఏదన్నా మొరాయిస్తే ముందు రీసెట్ కొట్టేస్తాం, నాలాంటి వాళ్ళం నేర్పిందే ఆ అలవాటు, కాదనను. ఆ రోజు రీసెట్ కొట్టినవాళ్ళ పనే ఎక్కువ చెడింది, దాన్ని మళ్ళీ మొదట్నుంచి కలపడానికి ఫోను ఒప్పుకోదు, గుర్తింపు పత్రం చెల్లదు కాబట్టి. దయచేసి రీసెట్ చెయ్యకండి అని గూగుల్ వాళ్ళే చెప్పాల్సి వచ్చింది. కొన్ని రోజుల్లో అప్‌డేట్ పంపి బాగుచేశారు లెండి, పాపం ఆ మాట కూడా చెప్పాలి. కానీ నేను ఈ ఊళ్ళో షాపు పెట్టుకుని కూర్చుంటే, అలాంటి బిళ్ళ పట్టుకుని ఎవరన్నా వస్తే, నా సోల్డరింగ్ ఐరన్‌తో ఏం చెయ్యను? నా వృత్తిలో పార్టు దొరక్కపోవడం తెలుసు, తారీఖు దాటిపోవడం అనే జబ్బు తెలీదు.

ఇదే మొదటిసారీ కాదండి. 2015 ఏప్రిల్‌లో యూట్యూబ్ వాళ్ళు పాత పద్ధతి ఆపేస్తే, 2012లోనూ అంతకు ముందూ తయారైన చాలా టీవీల్లో యూట్యూబ్ ఆగిపోయింది, మూడేళ్ళ టీవీ అండీ, మూడేళ్ళు. 2019 డిసెంబర్‌లో నెట్‌ఫ్లిక్స్ కొన్ని పాత శామ్‌సంగ్ స్మార్ట్ టీవీల్లో రావడం మానేసింది. ప్యానెల్ బంగారంలా ఉంటుంది, స్పీకర్లు బంగారంలా ఉంటాయి. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ నుంచి చట్టం పెట్టారట, నెట్‌కి తగిలించే ఇంటి వస్తువులు చాలావాటికి సెక్యూరిటీ అప్‌డేట్లు కనీసం ఎప్పటిదాకా ఇస్తాడో తయారుచేసినవాడు చెప్పి తీరాలి, యూరప్‌లో ఫోన్లకీ ట్యాబ్‌లకీ 2025 జూన్ నుంచి, ఆ మోడల్ అమ్మడం ఆపేశాక కూడా ఐదేళ్ళు అప్‌డేట్ ఇవ్వాలి. నేను ఎక్కువేం అడగట్లేదు. ఫలానా సంవత్సరం దాకా అని అట్ట మీద ఒక్క లైను వేస్తే చాలు. వేస్తే అప్పుడు ఆ పదివేలు తక్కువ టీవీ ఎందుకు తక్కువో మనకే తెలిసిపోతుంది.

(సభలో ఒకరు: అప్‌డేట్ ఆపేస్తే సరిపోదా అన్నయ్యా?)

ఆ, ఈ ప్రశ్న వస్తుందని తెలుసు. ఆపేయొచ్చు, టీవీకైతే నేనూ చాలామందికి ఆటోమేటిక్ అప్‌డేట్ తీసేస్తుంటా, అడిగి వేసుకునేలాగా పెడతా. ఫోనుకి మాత్రం వద్దు బాబూ, అందులో బ్యాంకు ఉంది, ఫోన్‌పే ఉంది, తాళం కప్ప పాతబడితే దొంగకే లాభం. అప్‌డేట్ చెడ్డదని నేను చెప్పట్లేదు. మన తెలుగు మీదే ఒక కథ ఉంది, ఎంతమందికి గుర్తుందో, 2018 ఫిబ్రవరిలో ఒక్క తెలుగు అక్షరం ఐఫోన్లని పడగొట్టింది! జ్ఞానంలో జ్ఞా. మామూలు జ్ఞా కాదు, జ కింద ఞ ఒత్తు పెట్టి, దీర్ఘం ఇచ్చేముందు కంటికి కనబడని ఇంకో గుర్తు మధ్యలో దూరితే, ఆ కలిపిన అక్షరాన్ని ఎలా గీయాలో ఫోనుకి తెలీక ఆ యాప్ పడిపోయేది. మెసేజ్‌లో వచ్చినా వాట్సాప్‌లో వచ్చినా అంతే, నోటిఫికేషన్‌లో వచ్చిందంటే ఫోన్ మొత్తం. ఆకతాయిలు ఒకళ్ళకొకళ్ళు పంపుకున్నారు అప్పట్లో. ఫిబ్రవరి 19న 11.2.6 అని చిన్న అప్‌డేట్ ఇచ్చి సరిచేశారు. అది వేసుకోనివాడికి జ్ఞానం వస్తే ఫోను పోయేది. (నవ్వులు, చప్పట్లు)

రెండో వైపూ ఉంది. 2024 జూలై 19, క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ పంపిన ఒక్క తప్పు ఫైలుకి ప్రపంచంలో 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలం తెర వేసుకుని కూర్చున్నాయని మైక్రోసాఫ్టే లెక్క చెప్పింది. ఆ రోజు మన హైదరాబాద్ ఎయిర్‌పోర్టులో బోర్డింగ్ పాసులు పెన్నుతో రాసిచ్చారు, ఆ ఫొటో అందరి ఫోన్లలో తిరిగింది. చేతిరాత ఎంత ముద్దుగా ఉందో. దొంగలు రాకుండా పెట్టుకున్న కాపలావాడే తలుపుకి అడ్డం పడిపోయాడన్నమాట.

మన దగ్గర ఇంకో గండం ఉంది, కంపెనీ వాళ్ళు ఊహించనిది, కరెంటు. అప్‌డేట్ సగంలో ఉండగా కరెంటు పోతుంది. అంతే, మళ్ళీ ఆన్ చేస్తే కంపెనీ పేరు దగ్గరే ఆగిపోయి అలా మెరుస్తూ ఉంటుంది గంటలకొద్దీ. దాన్ని మేం లోగో మీద స్టక్ అంటాం. పెన్‌డ్రైవ్‌లో పెట్టి సాఫ్ట్‌వేర్ కొట్టాలి. ఆ సాఫ్ట్‌వేర్ దొరకడం ఒక యజ్ఞం, అదే మోడల్, అదే బోర్డు, అదే ప్యానెల్ నంబరు కావాలి, తప్పుది కొట్టామంటే బొమ్మ తలకిందులుగా వస్తుంది, ఒక్కోసారి అద్దంలో చూసినట్టు అక్షరాలన్నీ తిరగబడి వస్తాయి. ఒకాయన టీవీకి అలా అయితే, పర్లేదులే, న్యూస్ చదివే అమ్మాయి ఎటు తిరిగితే ఏంటి అన్నారు, కింద స్క్రోలింగ్ ఎలా చదువుతారండీ అన్నా. చవక టీవీల్లో ఇంకో తిప్ప, లోపల ఎనిమిది జీబీ మెమరీ ఇస్తాడు, అందులో సగం వాడి సామానే, మిగిలిన దాంట్లో మనం నాలుగు యాప్‌లు వేసుకునేసరికి అప్‌డేట్‌కి చోటుండదు, అదేమో రోజూ అడుగుతూ ఉంటుంది, రిమోటు నొక్కాక మంచినీళ్ళు తాగి వచ్చాక గానీ మెనూ రాదు.

ఇప్పుడు అసలు రామాయణానికి వస్తా, సౌండ్‌బార్. ఈ ఊళ్ళో నాకొచ్చే ఫోన్లలో సగం దానివే. టీవీ సన్నగా చేశారు, స్పీకర్లకి చోటు లేదు, మాట వినబడదు, కాబట్టి సౌండ్‌బార్ కొనుక్కో. దాన్ని హెచ్‌డీఎంఐలో గుచ్చితే అన్నీ ఒక్క రిమోటుతో అంటాడు షాపువాడు. నిజమే, పనిచేసినప్పుడు. హెచ్‌డీఎంఐ వైరులో పంతొమ్మిది పిన్నులుంటాయి, అందులో పదమూడోది ఒకటి, బొమ్మకీ శబ్దానికీ సంబంధం లేనిది, పెట్టెలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే తీగ. సీఈసీ అంటారు. నువ్వు లేస్తే నేను లేస్తా, నువ్వు పడుకుంటే నేను పడుకుంటా, ఇప్పుడు మాట నాది, ఇలా. ఒక్కటే తీగ, అందరూ దాని మీదే మాట్లాడాలి. ఉమ్మడి కాపురంలో వంటిల్లు లాంటిది. టీవీ పెద్దకోడలు, సెట్‌టాప్ బాక్స్ చిన్నకోడలు, సౌండ్‌బార్ ఇంటల్లుడు, ఎవడికి వాడు ఇంటి పెద్ద నేనే అనుకుంటాడు. టీవీ ఆఫ్ చేస్తారు, యాప్‌ల కోసం టీవీ వెనక గుచ్చుకునే స్టిక్కు ఏదో అప్‌డేట్ కోసం మధ్యలో లేస్తుంది, లేచి టీవీని కూడా లేపుతుంది, అర్ధరాత్రి రెండింటికి హాల్లో టీవీ దానంతటదే వెలుగుతుంది. ఒకింట్లో దిష్టి తీయించారు కూడా. నవ్వకండి, ఆ ఇంటాయన ఇక్కడే కూర్చుని ఉన్నా ఉంటారు.

మరి దాన్ని ఆపేద్దామంటే సెట్టింగుల్లో సీఈసీ అనే మాటే కనబడదు. శామ్‌సంగ్ వాడు ఎనీనెట్ ప్లస్ అన్నాడు, ఎల్‌జీ వాడు సింప్‌లింక్ అన్నాడు, సోనీ వాడు బ్రావియా సింక్, పానసోనిక్ వాడు వియెరా లింక్. ఒకే తద్దినానికి ఇంటికో పేరు. అందరూ కలిసి మాట్లాడుకోవాలని పెట్టిన దానికి ఎవడి పేరు వాడు పెట్టుకోవడం ఏంటో, నాకైతే ఇప్పటికీ అర్థం కాలేదు. మెనూ ఓపిగ్గా వెతకండి, ఈ పేర్లలో ఏదో ఒకటి దొరుకుతుంది. ఇంకో సంగతి, సౌండ్‌బార్ వైరు ఏ కన్నంలో పడితే ఆ కన్నంలో పెడితే శబ్దం రాదు, పక్కన ఏఆర్‌సీ అనో ఈఏఆర్‌సీ అనో చిన్నక్షరాలతో రాసి ఉన్న దాంట్లోనే పెట్టాలి. గోడకి బిగించేసిన టీవీ వెనక ఆ అక్షరాలు చదవడానికి పాముని పట్టేవాడిలాగా చెయ్యి దూర్చాలి, అదే ఫోన్ కెమెరా ఆన్ చేసి లోపలికి పెడితే తేలిగ్గా కనబడుతుంది. గోడకి బిగించే ముందే ఒక ఫొటో తీసిపెట్టుకుంటే ఇంకా తేలిక, కానీ ఆ రోజు పండగ హడావుడిలో ఎవరికి గుర్తుంటుంది.

వైర్లెందుకూ బ్లూటూత్ పెట్టేద్దాం అంటారు. అక్కడ పెదాల జబ్బు. మాట ఆలస్యంగా వస్తుంది. మనిషి చెవికి ఇందులో ఒక చిత్రం ఉంది, శబ్దం బొమ్మకన్నా ముందొస్తే వెంటనే పసిగడతాం, సెకనులో వెయ్యో వంతులు 45 ముందొచ్చినా తెలిసిపోతుంది, అదే వెనకొస్తే 125 దాకా పట్టించుకోం, అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ లెక్క అది. ఎందుకంటే పుట్టినప్పట్నుంచీ అంతేగా, చాకిరేవు అవతల గట్టు మీద బట్ట బండకి తగిలింది ముందు కనబడుతుంది, చప్పుడు తర్వాత వస్తుంది, మెరుపు ముందు, ఉరుము తర్వాత. బ్లూటూత్‌లో ఆ ఆలస్యం 200 దాకా పోతుంది, ఇక ఓర్చుకోలేం. ఒకింట్లో అయితే నెల రోజులుగా అన్నీ డబ్బింగ్ సీరియళ్ళే వస్తున్నాయి అనుకుని చూసేస్తున్నారు, తెలుగు సీరియలే అది! సౌండ్ సెట్టింగుల్లో ఆలస్యాన్ని సర్దేది ఒకటుంటుంది, దొరికితే అదృష్టం, లేదంటే వైరే దిక్కు.

అన్నట్టు, కొత్త టీవీ కొన్నాక సినిమా సీరియల్ లాగా కనబడుతోంది, ఏదో తేడాగా ఉంది అని ఎవరికన్నా అనిపించిందా? చేతులెత్తండి. చూశారా. అది మీ కళ్ళ దోషం కాదు. సినిమా సెకనుకి 24 బొమ్మలు, టీవీ మధ్యలో తనే కొన్ని బొమ్మలు ఊహించి గీసి కలిపేస్తుంది, నున్నగా ఉండాలని. క్రికెట్‌కి బాగుంటుంది, సినిమాకి దరిద్రంగా ఉంటుంది. 2018లో హాలీవుడ్ హీరో టామ్ క్రూజ్ కూడా దాన్ని ఆపేసుకోండి బాబూ అని వీడియో పెట్టాడు. మోషన్ అనో, స్మూత్ అనో పేరుంటుంది మెనూలో, తీసేయండి. అప్‌డేట్ వచ్చాక ఒకసారి మళ్ళీ చూసుకోండి, తిరిగి పెట్టుకుంటుంది ఒక్కోసారి, మా హెడ్‌మిస్ట్రెస్ గారి టీవీలో అదే అయింది.

ఆవిడ మాట వచ్చింది కాబట్టి చెప్తా. మొన్న ఇంకోసారి వెళ్ళా. ఈసారి రిమోటు మీదున్న బటన్ నొక్కితే వేరే పేరుతో యాప్ వస్తోందని. 2015లో హాట్‌స్టార్ అన్నారు, 2020లో డిస్నీ ప్లస్ హాట్‌స్టార్ అన్నారు, 2025 ఫిబ్రవరి 14 నుంచి జియోహాట్‌స్టార్. రిమోటు మీద అచ్చేసింది మాత్రం పాత పేరు. మూడు పెళ్ళిళ్ళు చేసుకున్న మనిషికి ఏ ఇంటిపేరుతో కార్డు రాయాలిరా అన్నారు ఆవిడ. (నవ్వులు) టేబుల్ మీద ఒక నోట్‌బుక్ కనబడింది, అట్టేసిన లాంగ్ నోట్‌బుక్. తెరిచి చూపించారు, ముత్యాల్లాంటి అక్షరాలు, ఒకటి, ఎర్ర బటన్ నొక్కి పది లెక్కపెట్టవలెను, రెండు, ఇల్లు బొమ్మ మీదికి పోరాదు, ఇలా. పక్కన మార్జిన్‌లో తేదీలు. టీవీ మారినప్పుడల్లా పాతది ఎర్ర ఇంకుతో కొట్టేసి కింద కొత్తది రాశారు, నాలుగు పేజీలయ్యాయి. కంపెనీ వాళ్ళ దగ్గర కూడా ఇంత శుభ్రమైన రికార్డు ఉండదేమో. ఏ తారీఖున ఏం మార్చారు అన్నది అందులో ఉంది. నేను ఫొటో తీసుకున్నా, ఇప్పుడు వేరే ఇళ్ళకి వెళ్ళినప్పుడు అది చూసే చెప్తున్నా.

ఇక టైమ్ అయిందంటున్నారు. కంప్యూటర్ల గురించి మాట్లాడలేదు, విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో ఉచిత మద్దతు అయిపోయింది, పాత మెషీన్లు చాలావాటికి కొత్తది ఎక్కదు, అందులో టీపీఎం అనే సెక్యూరిటీ చిప్పు లేకపోతే ఒప్పుకోదు. కానీ ఒక్క విషయంలో వాళ్ళని మెచ్చుకోవాలి, ఆ తేదీ సంవత్సరాల ముందే బయటికి చెప్పారు. నచ్చకపోయినా తెలుసు. ప్రశ్నలుంటే అడగండి.

(ఒకావిడ: ఇంతకీ ఏ టీవీ కొనమంటారు?)

కంపెనీ పేరు చెప్పనమ్మా, రేపు అది చెడితే నా ఇంటికొస్తారు. ప్యానెల్ బాగున్నది చూసుకోండి, లోపలి యాప్‌ల మీద ఆశ పెట్టుకోకండి, టీవీని తెర కింద లెక్కేసుకోండి. యాప్‌లకి విడిగా స్టిక్కు పెట్టుకుంటే అది ముసలిదైనప్పుడు రెండు మూడు వేలతో పోతుంది, టీవీ మిగులుతుంది. షాపులో మాత్రం ఒకటి అడగండి, దీనికి అప్‌డేట్లు ఏ సంవత్సరం దాకా ఇస్తారు, రాసిస్తారా అని. వాడు మేనేజర్‌ని పిలుస్తాడు, మేనేజర్ నవ్వుతాడు. అడగండి ఫర్లేదు, పదిమంది అడిగితే పైకి చేరుతుందేమో.

(ఒక కుర్రాడు: బాబాయ్, మీ షాపులో పాత టీవీ ఒకటుంది కదా, చెక్క డబ్బాది, అది పనిచేస్తుందా?)

ఈసీ టీవీ అది! హైదరాబాద్ ఈసీఐఎల్ వాళ్ళది, బ్లాక్ అండ్ వైట్. పనిచేస్తుంది నాయనా. యాంటెన్నా కన్నం ఒక్కటే ఉంటుంది దానికి, అందుకని సెట్‌టాప్ బాక్స్‌కీ దానికీ మధ్య మాడ్యులేటర్ అని, బాక్స్ సిగ్నల్‌ని యాంటెన్నా సిగ్నల్‌గా మార్చేది ఒకటి పెట్టా, ఇప్పటి చానళ్ళు కూడా వస్తాయి. పిక్చర్ ట్యూబుకి ఎమిషన్ తగ్గిపోయింది, బొమ్మ మసగ్గా ఉంటుంది, పోయిన ఏడాది కన్నా ఈ ఏడాది ఇంకొంచెం మసక. రేపు ఆరింటికి రా, చూపిస్తా. ఆరుంపావుకి రా పోనీ, ముందు వేడెక్కాలి దానికి.